బొటనవేళ్ళ మీద రాగిపళ్ళెం

పోయిన నెల మా కోడలు అటక సర్దుతుంటే ఒక రాగిపళ్ళెం బయటపడింది. పదేళ్ళుగా పాత చీరముక్కలో చుట్టి ఉంది, నల్లబడిపోయింది. హారతిపళ్ళెం అనుకుని ఆ పిల్ల చింతపండూ ఉప్పూ పెట్టి తళతళలాడేట్టు తోమి దేవుడి గూట్లో పెట్టింది. సాయంత్రం దీపం పెట్టడానికి వెళ్ళినదాన్ని దాన్ని చూసి అక్కడే నిలబడిపోయాను. చేతిలోకి తీసుకుని, రెండు బొటనవేళ్ళ మీద నిలిపి, మిగతా వేళ్ళతో మెల్లగా తట్టాను.

"అదేంటత్తమ్మా?" అంది కోడలు వంటింట్లోంచి తొంగిచూసి.

"వాయిద్యం. యెమెన్‌లో, సనా నగరంలో దీన్ని వాయిస్తూ పాటలు పాడతారు."

ఆ రాత్రి తనకి చాలాసేపు చెప్పాను. పడుకున్నాక చెప్పనివి ఇంకా గుర్తొస్తూనే ఉన్నాయి. అవన్నీ ఇక్కడ రాసుకుంటున్నాను.

నేను యెమెన్ వెళ్ళింది 1997లో, నర్సుగా. మాది నల్లగొండ జిల్లాలో ఒక పల్లె. హైదరాబాదులో నర్సింగు చదువుకుని, కొన్నాళ్ళు ఒక ఆస్పత్రిలో చేశాను. ఇంట్లో అప్పులు పెరిగిపోయాయి. మూడేళ్ళ బాబుని మా అమ్మ ఒళ్ళో పెట్టి విమానం ఎక్కాను. సనా నగరం సముద్రమట్టానికి 2,200 మీటర్లకు పైనే ఉంటుంది. మొదటి వారం రెండంతస్తులు ఎక్కితే చాలు, గుండె దడదడలాడేది. గాలి పల్చన, చలి ఎక్కువ, భాష రాదు. రాత్రిళ్ళు బాబు ఫొటో దిండు కింద పెట్టుకుని గోడకేసి తిరిగి పడుకునేదాన్ని.

అప్పట్లో అక్కడ సెలవులు గురు, శుక్రవారాలు. పెళ్ళిళ్ళు ఎక్కువగా గురువారమే. నేను వెళ్ళిన మొదటి గురువారం మధ్యాహ్నం మా హాస్టలు కింది వీధిలో డప్పుల మోత మొదలైంది. కిటికీ దగ్గరకి పరుగెత్తాను. మగవాళ్ళు వరసగా నిలబడి, నడుముకుండే జంబియా బాకులు ఒరల్లోంచి తీసి పైకెత్తి, ఒక్కటే అడుగుగా కదులుతున్నారు. మధ్యలో అడుగు మారుతుంది, ఎవరు సైగ చేశారో తెలియదు, అందరిదీ ఒకేసారి మారుతుంది. దాన్ని బరా అంటారు. అది నాట్యమా అనడిగితే యెమెన్ వాళ్ళు ఒప్పుకోరు. నాట్యం వేరు, బరా వేరు. ఇది తెగ పరువు, అందరూ కలిసి వేయాల్సిన అడుగు అంటారు. వాయించేవాళ్ళు మాత్రం ఇద్దరే. ఒకరి ముందు గిన్నెలాంటి చిన్న వాయిద్యం, ఇంకొకరి దగ్గర పెద్ద డోలు.

కిందికి దిగి గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన్ని వచ్చీరాని అరబ్బీలో, చేతులతో సైగ చేసి అడిగాను, అవేంటని. ఆయన ఒక్కొక్కదాన్నీ వేలు పెట్టి చూపించాడు. "తాసా. మర్ఫా."

నా ఒళ్ళు జలదరించింది. మా నాయనమ్మ తన పెళ్ళి సంగతి ఎప్పుడు చెప్పినా ఒక్కమాట వదిలేది కాదు. "తాషామరపాలతోని ఊరంతా తిప్పిండ్రే మమ్మల్ని!" అనేది, ఎనభై ఏళ్ళ వయసులో కూడా సిగ్గుపడుతూ. తాషామరపాలంటే ఏవో బాజాలని అనుకున్నానే గానీ, ఆ మాట ఎక్కడిదో ఏనాడూ ఆలోచించలేదు. మూడు వేల కిలోమీటర్లు దాటి వచ్చి, భాష తెలియని వీధిలో, కాపలా తాత నోట మా నాయనమ్మ పెళ్ళి బాజాల పేరు విన్నాను. ఆ రోజు నేను ఏడవలేదు. వచ్చిన తర్వాత ఏడవకుండా పడుకున్న మొదటి రాత్రి అదే.

తర్వాత ఆలోచిస్తే అందులో వింతేమీ లేదనిపించింది. నర్సింగు చదివే రోజుల్లో చాంద్రాయణగుట్ట వైపు ఒక స్నేహితురాలి ఇంటికి వెళ్తూ బార్కాస్ మీదుగా పోయేదాన్ని. నిజాం కొలువులో పనిచేయడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బు సైనికుల బారకాసులే ఆ బార్కాస్. వాళ్ళ మనవలు, మునిమనవలు ఇప్పటికీ లుంగీలు కట్టుకుని, హరీస్ తింటూ, జామపళ్ళు అమ్ముకుంటూ అక్కడే ఉన్నారు. హైదరాబాదు పెళ్ళిళ్ళలో మోగే మర్ఫా ఆ అరబ్బులతోనూ, నిజాం సైన్యంలోని ఆఫ్రికా సిద్దీలతోనూ వచ్చింది. ఎవరి బరాతులోనైనా మర్ఫా మొదలైతే రోడ్డు మీద బస్సు ఆగిపోవాల్సిందే. అప్పుడు చెవులు మూసుకునేదాన్ని. సనాలో ఆ మోత కోసం గురువారాలు లెక్కపెట్టుకున్నాను.

పాట మాత్రం నాకు దబ్బాబుల్లో పరిచయమైంది. దబ్బాబ్ అంటే మన సెవెన్ సీటర్ ఆటోలాగా జనాన్ని కూరుకుని తిరిగే చిన్న వ్యాను. ఎక్కగానే డ్రైవరుది ఏ ఊరో తెలిసిపోయేది, మాట వల్ల కాదు, క్యాసెట్ వల్ల. లహజ్ వాడైతే ఫైసల్ అలవీ. ఆ తాళం వింటే కూర్చున్నవాళ్ళ భుజాలు వాటంతటవే ఊగుతాయి. లహజ్ పాటకి ఒక రూపు తెచ్చింది అక్కడి రాజకుటుంబంలో పుట్టిన అహ్మద్ ఫద్ల్. ఆయన్ని అందరూ అల్ కుమిందాన్ అంటారు, సైన్యాధికారిగా చేసినందుకు ఆ పేరు. 1943లో పోయాడు. ఆయన పాటలు ఇంకా పోలేదు. ఏడెన్ వాడైతే మొహమ్మద్ ముర్షిద్ నాజీ. హద్రమౌత్ వాడైతే అబూబకర్ సాలెం, వేరే మాటే లేదు. తరీమ్‌లో 1939లో పుట్టి, గల్ఫ్ అంతటా పేరు మోసిన గొంతు. మంద్రంలో మొదలుపెట్టి ఎక్కడికో తీసుకెళ్ళి మళ్ళీ చేయి పట్టుకుని దింపుతాడు. సనా వాడు పెట్టే పాట మొదట్లో నాకు ఎక్కలేదు. మెల్లగా, ఒకే చోట తిరుగుతున్నట్టుండేది. చివరికి నా ప్రాణమంతా దాని మీదే పడుతుందని అప్పుడు తెలియదు.

తహ్రీర్ కూడలి చుట్టుపక్కల క్యాసెట్ల కొట్లుండేవి. వాటిని వాళ్ళు స్టీరియోలనేవారు. "ఏ స్టీరియోలో కొన్నావు?" అని ఒకరినొకరు అడిగేవారు. వాటిలో నాకు నచ్చినవి స్టూడియోలో పాడిన పాటలు కావు. ఎవరింట్లోనో నలుగురు కూర్చుని పాడించుకుంటుంటే టేప్ రికార్డర్ పెట్టి పట్టినవి. వాటిని జల్సా అంటారు. గ్లాసులు తగిలిన చప్పుడు, ఒకాయన దగ్గు, పాట నచ్చి "అల్లాహ్!" అని మరొకాయన నిట్టూర్పు, అన్నీ వినిపిస్తాయి. అరబ్బీలో జల్సా అంటే కూర్చోవడం, నలుగురి కొలువు. అదే మాట మన దగ్గరికి వచ్చేసరికి జల్సారాయుళ్ళ పాలబడింది. మాటని మనం కాస్త పాడుచేశామనే నా బాధ.

మా ఆస్పత్రి వ్యాను నడిపే అతను తైజ్ కొండల వైపువాడు. రాత్రి డ్యూటీ అయ్యాక మమ్మల్ని దింపేటప్పుడు ఎప్పుడూ ఒకే గాయకుడి పాటలు పెట్టేవాడు, అయ్యూబ్ తారిష్. ఒకరోజు నాకు అర్థం తెలియకుండానే కళ్ళు నిండుకున్నాయి. అద్దంలోంచి చూసి, వ్యాను ఆపకుండానే, నాకు అర్థమయ్యే చిన్న చిన్న మాటల్లో చెప్పాడు. వాళ్ళ ఊళ్ళల్లో మగవాళ్ళు తరతరాలుగా బతుకుదెరువుకి ఏడెన్‌కో, సౌదీకో, ఇంకా దూరానికో వెళ్ళిపోతారు. పొలాల్లో పనిచేసుకుంటూ ఆడవాళ్ళు వాళ్ళని తలుచుకుని పాడే పాటలున్నాయి, ములాలా అంటారు. ఒక కొండ మీద ఒకామె ఎత్తుకుంటే ఎదురుకొండ మీద ఇంకొకామె అందుకుంటుందట. అయ్యూబ్ గొంతులో ఆ కొండలూ ఆ పొలాలూ ఉన్నాయి. వలసపోయినవాణ్ణి ఇంటికి రమ్మని పిలిచే పాటలు ఆయన ఎన్నో పాడాడు. వినేసరికి నాకు కరీంనగర్ వైపు దుబాయ్ పోయినవాళ్ళ ఇళ్ళు గుర్తొచ్చాయి. కాకపోతే మా ఇంట్లో ఎదురుచూస్తున్నది భార్య కాదు, మూడేళ్ళ పిల్లవాడు. వెళ్ళిపోయింది తల్లి.

యెమెన్ జాతీయగీతానికి బాణీ కట్టింది కూడా అయ్యూబే. రాసింది అబ్దుల్లా అబ్దుల్ వహాబ్ నూమాన్. 1990 మే 22న ఉత్తర దక్షిణ యెమెన్‌లు కలిశాక దేశమంతటికీ అదే గీతమైంది. ఎంత గర్వంగా చెప్పేవాడో మా డ్రైవరు, వాళ్ళ మేనమామ కట్టినంత.

1999లో నా చేతుల మీద ఒక కష్టమైన కాన్పు జరిగింది. తల్లీబిడ్డా దక్కారు. బాలింత అత్తగారు నా నుదురు ముద్దుపెట్టుకుని, ఇంటికి రాకపోతే ఊరుకోనంది. సనా పాతనగరంలో, బాబ్ అల్ యమన్ ద్వారం దాటి కొంత దూరం సందుల్లో నడిస్తే వాళ్ళ మేడ. ఆ ఇళ్ళ సంగతి తెలుసు కదా, ఐదారంతస్తులు, కాల్చిన ఇటుక మీద తెల్లటి సున్నం గీతలు. లోపల మెట్లు మోకాలెత్తు. పై గదిలో కిటికీల పైన రంగురంగుల గాజుముక్కలు పొదిగిన అర్ధచంద్రాలు, కమరియా అంటారు. వెలుగు వాటిలోంచి పడి గోడల మీద ఎర్రగా, పచ్చగా పాకుతోంది.

సనాలో బాలింతని నలభై రోజులు రాణిలా చూస్తారు. ఎత్తైన పరుపుల మీద కూర్చోబెట్టి, గది అలంకరించి, రోజూ సాయంత్రాలు ఆడవాళ్ళు వచ్చిపోతుంటారు. ఆ రోజు గదిలో ఓ ముప్పై మంది ఉన్నారు. నాకు కిష్ర్ ఇచ్చారు, కాఫీగింజల పైపొట్టు కాచి అల్లం వేసిన వేడి నీళ్ళు. మూలన ఒకామె డోలు ఒళ్ళో పెట్టుకుంది. ఆమె పక్కన ఇంకొకామె రాగిపళ్ళెం పట్టుకుని ఉంది. నేను నిజంగా ఫలహారం పంచడానికనుకున్నాను.

ఆమె పళ్ళేన్ని రెండు బొటనవేళ్ళ మీద నిలిపింది. మిగతా వేళ్ళు కదిలాయి. వానాకాలం మొదటి చినుకులు మా ఇంటి రేకుల మీద పడినట్టు, కానీ అంతకన్నా గుండ్రంగా, సన్నగా ఒక మోత. డోలు మాట్లాడుతుంటే పళ్ళెం దాని చెవిలో గుసగుసలాడినట్టుంది. పాట మొదలైంది. ఇద్దరు ఆడవాళ్ళు లేచి, చేతులు పట్టుకుని, పాదాలు నేల మీంచి లేపీలేపనట్టు ఆడారు.

అత్తగారిని అందరూ హజ్జా అనేవారు. మక్కా వెళ్ళొచ్చిన పెద్దావిడ. పాట ఆగాక పళ్ళెం నా చేతికిప్పించింది. నేను అంచులు రెండు చేతులా పట్టుకుని కొట్టాను. ఠక్కుమంది, అంతే. గదంతా నవ్వింది. హజ్జా నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పింది. "షువయ్యా, షువయ్యా, యా బింతీ." మెల్లగా, మెల్లగా, అమ్మా. పళ్ళెం పట్టుకోకూడదు, మోయాలి అంది. నాకది రావడానికి రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ నెలకొకసారి ఆ మెట్లు ఎక్కుతూనే ఉన్నాను.

ఆ పళ్ళెం పేరు సహన్ మీమియా. మగవాళ్ళ కచేరీలో అది కన్బూస్‌కి తోడు. కన్బూస్ అంటే సనా వాళ్ళ చిన్న వీణ అనుకోండి, ఊద్ అనే అరబ్బీ తంత్రీవాద్యానికి పాత చుట్టం. ఒకే చెక్క తొలిచి చేస్తారు, పొట్ట మీద చెక్కకి బదులు తోలు బిగిస్తారు. అందుకే దాని గొంతులో కొంచెం బొంగురు. ఒక్క గాయకుడు, ఒక కన్బూస్, ఒక పళ్ళెం. సనా పాటకి అంతకన్నా ఏమీ అక్కరలేదు. యునెస్కో 2003లో ఈ పాటని మానవజాతి వారసత్వ కళాఖండాల్లో చేర్చింది. ఆ కబురు రేడియోలో విని మా ఆస్పత్రిలో ముసలి రోగి ఒకాయన సెలైన్ పెట్టిన చేత్తోనే మంచం పట్టె మీద తాళం వేశాడు.

పాడే కవిత్వాన్ని హుమైనీ అంటారు. పద్నాలుగో శతాబ్దం నుంచీ ఉంది. పండితుల అరబ్బీ వ్యాకరణానికి పూర్తిగా లొంగకుండా, జనం నోటి మాటని కలుపుకుని సాగుతుంది. పదహారో శతాబ్దంలో కౌకబాన్ రాజకుటుంబానికి చెందిన మొహమ్మద్ షరఫుద్దీన్ రాసిన ప్రేమగీతాలు ఇవాళ కూడా పెళ్ళిళ్ళలో పాడతారు. ఆద్యంతం ప్రేయసి కళ్ళ గురించీ విరహం గురించీ సాగి, చివర్లో ప్రవక్త మీద ప్రార్థనతో ముగుస్తుంది. హజ్జా కోడలు నాకు ఒక్కో పాట అర్థం చెబుతుంటే క్షేత్రయ్య గుర్తొచ్చేవాడు. అదే అలక, అదే ఎదురుచూపు, చివర అదే దేవుడి పేరు.

హజ్జా చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పింది. ఇమామ్ యహ్యా పాలనలో ఉత్తరాన పాటకి గడ్డుకాలం. వాయిద్యం మోగిందని తెలిస్తే ఇంటి మీదికి వచ్చేవారు. వాళ్ళ నాన్నకి కన్బూస్ అంటే ప్రాణం. రాత్రి కిటికీలన్నిటికీ దిండ్లు, పరుపులు కుక్కి, లోపల మెల్లగా వాయించేవాడట. కన్బూస్ అంత చిన్నగా ఉండేది పైవస్త్రం చేతుల్లో దాచుకోవడానికేనని నవ్వేది. ఆవిడకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు. తలుపు దగ్గర కాపలా ఆవిడే. అడుగుల చప్పుడైతే దగ్గాలి. "పాట విన్నదాని కన్నా దగ్గిందే ఎక్కువ," అంది. ఇమామ్ 1948లో హత్యకు గురయ్యాడు. ఆ మర్నాటి నుంచీ తన దగ్గు తగ్గిందని ఆవిడ లెక్క.

అదే సమయంలో దక్షిణాన ఏడెన్ బ్రిటిషు వాళ్ళ చేతిలో ఉండేది. గాయకులు కొందరు అటు చేరుకున్నారు. 1930ల చివర్లో ఓడియన్, పార్లోఫోన్ కంపెనీలు ఏడెన్‌లో పాటలు రికార్డు చేశాయి. ఆ తర్వాత స్థానికంగా ఏడెన్ క్రౌన్ లాంటివీ వచ్చాయి. ఇబ్రహీం అల్ మాస్ లాంటివాళ్ళ సనా పాటలు అలా ఏడెన్ గ్రామఫోన్ ప్లేట్లలో బతికి, మళ్ళీ కొండలెక్కి సనాకి వచ్చాయి. తన ఊళ్ళో నోరు మూయించిన పాట పరాయి ఊళ్ళో లక్క ప్లేట్లలో దాక్కుని తిరిగి ఇంటికి రావడం, నాకు ఈ చరిత్రలో అన్నిటికన్నా ఇష్టమైన ముక్క.

మగవాళ్ళ కచేరీ నేను ఎదురుగా కూర్చుని వినలేదు. విన్నదంతా గోడ అవతలి నుంచే. హజ్జా మనవడి పెళ్ళి రాత్రి సమ్రా, అంటే రాత్రి పాటల కొలువు, జరిగింది. కింద దివాన్ గదిలో మగవాళ్ళు. మేం ఆడవాళ్ళం మెట్ల మీద, దీపాలార్పి, ఒకరి భుజం మీద ఒకరం తలవాల్చి. మొదట నెమ్మదైన నడక, దసా అంటారు, ఏడు మాత్రలదో పదకొండు మాత్రలదో. ఆగి ఆగి అడుగేసినట్టుంటుంది, మన మిశ్రచాపు తెలిసినవాళ్ళకి ఏడు దొరుకుతుంది గానీ పదకొండు దొరకదు. తర్వాత కొంచెం వేగం, చివరికి గుర్రాలు పరుగెత్తినట్టు. ఈ మొత్తం వరసని కౌమా అంటారు. గాయకుడు పదాన్ని సాగదీసి ఎక్కడో గాలిలో వదిలేస్తాడు. ఆ ఖాళీలో పళ్ళెం ఒక్కటే మోగుతుంది. మెట్ల మీద ఎవరూ ఊపిరి పీల్చుకోరు. అలాంటి నిశ్శబ్దం నేను మళ్ళీ ఎక్కడా వినలేదు.

మా ఆస్పత్రి మందుల కొట్లో పనిచేసే పెద్దాయన ముకల్లా వాడు, హద్రమౌత్ తీరం. నాది హైదరాబాదని తెలియగానే లేచి నిలబడి చేయి గుండె మీద పెట్టుకున్నాడు. ముకల్లాని ఏలిన కుఐతీ సుల్తానుల వంశానికి మూలపురుషుడు ఉమర్ బిన్ అవద్ నిజాం సైన్యంలో జమేదారు. హైదరాబాదులో సంపాదించిన డబ్బుతో, మనుషులతో హద్రమౌత్‌లో రాజ్యం కట్టుకున్నారు. 1967 దాకా ఏలారు. 2005లో సెలవు పెట్టి ముకల్లా వెళ్ళి ఆ సుల్తాను మహలు చూశాను. సముద్రం అంచున తెల్లగా ఉంటుంది. దాని కిటికీలు చూస్తే పాతబస్తీలో ఏ దేవిడీ ముందో నిలబడ్డట్టుంది.

ఆ పెద్దాయనే నాకు మొహమ్మద్ జుమా ఖాన్ పాటలు వినిపించాడు. 1903లో హద్రమౌత్‌లో పుట్టాడు, తండ్రి భారతదేశం నుంచి వచ్చిన మనిషి. సుల్తాను సైనిక బ్యాండులో సంగీతం నేర్చి, మన దేశపు వరసల్ని హద్రమీ పాటలో కలిపాడు. మొదటిసారి విన్నప్పుడు అరబ్బీ మాటల కింద మా చిన్నప్పటి రేడియో పాటల వాసన కొట్టింది. ఇంకొకటి కూడా ఆయన చెప్పిందే, దాన్ అని. గాయకుడు మాటలేమీ లేకుండా "దాన్ దాన్" అని వరస ఎత్తుకుంటాడు. చుట్టూ కూర్చున్న కవుల్లో ఒకరు ఆ వరసకి సరిపోయే పాదం అప్పటికప్పుడు కట్టి అందిస్తారు. గాయకుడు దాన్ని పాడతాడు. తర్వాతి పాదం ఇంకొక కవిది. మన అవధానంలో పృచ్ఛకుల మధ్య కూర్చున్నంత ఉత్కంఠ ఉంటుందట.

కాలం మారింది. 2000 దాటాక పెళ్ళిళ్ళు హాళ్ళలోకి పోయాయి. కన్బూస్ ఉన్నచోట ఊద్ ఎప్పుడో వచ్చేసింది. ఇప్పుడు ఊద్ పక్కన ఎలక్ట్రిక్ కీబోర్డు, దాన్ని వాళ్ళు ఓర్గ్ అంటారు, మనిషెత్తు స్పీకర్లు. ఓర్గ్ ముందు రాగిపళ్ళెం ఏం వినిపిస్తుంది? నాకు కడుపు రగిలేది. అయితే కొత్తదంతా నచ్చలేదని చెప్పలేను. హొదైదా నుంచి వచ్చిన అహ్మద్ ఫతీ ఊద్ మీద చేయి వేస్తే పాతా కొత్తా తేడా మర్చిపోతాం. తర్వాత ఆయన కూతురు బల్కీస్ గల్ఫ్ టీవీల నిండా కనిపించింది. మా కుర్ర నర్సులు డ్యూటీ గదిలో ఆమె పాటలకి తలలూపేవారు. నేను టీ పెడుతూ వినేదాన్ని. సనా పద్ధతిలోనే జనం మెచ్చేలా పాడిన ఫువాద్ అల్ కిబ్సీ క్యాసెట్లు నా దగ్గర పదీ పన్నెండు ఉండేవి. కౌకబాన్‌లో పుట్టిన మొహమ్మద్ హమూద్ అల్ హారిసీ 2007లో పోయినప్పుడు హజ్జా రెండు రోజులు పళ్ళెం ముట్టలేదు.

ఆ మరుసటి ఏడాది హజ్జా కూడా పోయింది. ఈ పళ్ళెం ఆవిడది కాదు. ఆవిడ చెబితే సూక్ అల్ నహాస్‌లో, రాగి బజారులో, వాళ్ళ కోడలితో వెళ్ళి కొన్నది. పది పళ్ళేలు వేలి మీద మోగించి చూసి ఆ పిల్ల ఇది ఏరింది.

2014 సెప్టెంబరులో సనా హూతీ తిరుగుబాటుదారుల చేతికి వెళ్ళాక వీధుల్లో వేరే పాట మొదలైంది. జామిల్ అని తెగల మధ్య పాత పద్ధతి ఒకటుంది. పెళ్ళికో, పంచాయితీకో, సంధికో ఒక తెగ ఇంకొక తెగ దగ్గరికి నడిచి వస్తూ రెండు పాదాలు కట్టి ఏకకంఠంగా పాడుతుంది. అవతలివాళ్ళు అదే ఛందస్సులో జవాబిస్తారు. గొడవలు తీర్చిన పాట అది. ఇప్పుడు లౌడ్‌స్పీకర్లలో యుద్ధానికి పిలుస్తోంది. మా డ్రైవరు వ్యాను అద్దాలు పైకెత్తి అయ్యూబ్‌ని ఇంకొంచెం గట్టిగా పెట్టేవాడు.

2015 మార్చి 26 తెల్లవారుజామున బాంబులు మొదలయ్యాయి. ఆస్పత్రి కింది అంతస్తులో పడుకున్నాం. ఏప్రిల్ మొదటి వారంలో మన ప్రభుత్వం ఆపరేషన్ రాహత్ కింద విమానాలు పంపింది. మొత్తం మీద 4,600 మందికి పైగా భారతీయుల్ని తీసుకొచ్చారు. సనా నుంచి జిబూతి, అక్కడి నుంచి వాయుసేన పెద్ద విమానంలో ముంబయి. ఒక్క సంచీ. పద్దెనిమిదేళ్ళ సామానులోంచి ఒక్క సంచీకి ఏం ఏరుకుంటాం? చీరల మధ్యలో పళ్ళెం పెట్టాను. నూటికి పైగా ఉన్న క్యాసెట్లు అట్టపెట్టెలో పెట్టి డ్రైవరుకిచ్చాను. "నువ్వొచ్చేదాకా దాస్తాను," అన్నాడు. చెక్‌పోస్టులు దాటించి విమానాశ్రయం దాకా దింపింది అతనే. దారంతా పాట పెట్టలేదు. నేనూ అడగలేదు.

ఆ జూన్ 12న పాతనగరంలో అల్ కాసిమీ పేటలో ఇళ్ళు కూలాయి, మనుషులు పోయారు. టీవీలో ఆ ఇటుకలూ, సున్నం గీతలూ మట్టిలో కనిపించాయి. హజ్జా వాళ్ళిల్లు అక్కడికి దగ్గరే. నాలుగు రోజులకి డ్రైవరు మెసేజి వచ్చింది, వాళ్ళు ముందే పల్లెకి వెళ్ళిపోయారని. మేడ నిలిచే ఉందని.

మా డ్రైవరు ఇప్పటికీ వాయిస్ మెసేజిలు పంపుతాడు. 2017 డిసెంబరులో అబూబకర్ సాలెం రియాద్‌లో కన్నుమూసిన రోజు మాట లేదు, ఆయన పాట ఒక్కటే పంపాడు, నాలుగు నిమిషాలు. 2021 నుంచి జూలై 1న యెమెన్ పాటల రోజు జరుపుకుంటున్నారు. ఆ రోజు మాత్రం అతని మెసేజిలు ఆగవు. కొన్నిచోట్ల పెళ్ళిళ్ళలో గాయకుల్ని అడ్డుకుంటున్నారన్న వార్తలు చదివి నేను కోపంగా ఏదో అంటే, "దిండ్లు ఇంకా ఉన్నాయి," అన్నాడు. హజ్జా కథ అతనికి నేనే చెప్పాను.

మొహమ్మద్ అల్ కహూమ్ అనే హద్రమౌత్ స్వరకర్త ఈ పాత వరసల్ని పెద్ద వాద్యబృందంతో కలిపి 2019లో కౌలాలంపూర్‌లో, 2023లో పారిస్‌లో కచేరీలు చేశాడు. పారిస్ కచేరీ ఫోన్లో మా అబ్బాయితో కలిసి చూశాను. నల్లకోట్ల వయొలిన్ వాళ్ళ మధ్య యెమెన్ దుస్తుల్లో వాద్యకారులు. మా అబ్బాయికి ఇప్పుడు ముప్పై దాటింది. నేను దూరంగా ఉన్న ఏళ్ళన్నీ వాడికి ఫోన్లో వినిపించిన గొంతునే. ఆ రాత్రి కచేరీ అయిపోయాక, "నువ్వు ఫోన్ చేసినప్పుడల్లా వెనకాల ఇవే వినపడేవి కదమ్మా," అన్నాడు. వాడికి గుర్తుంటాయని నేననుకోలేదు.

పళ్ళెం ఇప్పుడు దేవుడి గూట్లో లేదు, హాల్లో టీవీ పక్కన ఉంది. ఐదేళ్ళ మనవడికి అదే ఆట. రెండు చేతులా అంచులు బిగించి పట్టుకుని కొడతాడు. ఠక్కుమంటుంది. వాడి వేళ్ళు ఒక్కొక్కటే విప్పుతున్నాను. నిన్న సాయంత్రం నాలుగుసార్లు కింద పడేశాడు, పక్కింటివాళ్ళు వచ్చి ఏమైందని అడిగారు. ఐదోసారి బొటనవేళ్ళ మీద ఒక్క క్షణం నిలిచింది. నేనింకా నోరు తెరవనే లేదు, పళ్ళెం వైపు చూస్తూ వాడే అనుకుంటున్నాడు, "షువయ్యా, షువయ్యా."